బెకరెల్‌ను నేరుగా సీవర్ట్‌లోకి మార్చలేం

"ఒక మిల్లీక్యూరీ అంటే ఎన్ని మైక్రోసీవర్ట్‌లు?" రేడియేషన్ కొలతలతో పని ఉన్నవాళ్లకి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. క్యూరీ, బెకరెల్ అన్నవి పదార్థం ఎంత రేడియోధార్మికమో చెప్పే యూనిట్లు; రెమ్, సీవర్ట్ అన్నవి ఆ కిరణాల వల్ల శరీరానికి చేరే మోతాదును చెప్పేవి. దీనికి జవాబు లేదు. లెక్క కష్టమని కాదు, ప్రశ్నలో సగం సమాచారమే ఉంది కాబట్టి. వత్తి ఎంత మందమో చెప్పి, ఆ దీపం వెలుతురు గదిలో ఉన్న పుస్తకం మీద ఎంత పడుతుందో చెప్పమన్నట్టుంటుంది. పుస్తకం ఎంత దూరంలో ఉందో, మధ్యలో ఏం అడ్డు ఉందో తెలియకుండా ఎవరు చెప్పగలరు?

ఈ యూనిట్లలో మార్పులు రెండు రకాలు. ఒకటి ఉత్త గుణకారం: క్యూరీని బెకరెల్‌లోకి, రెమ్‌ని సీవర్ట్‌లోకి మార్చడం లాంటివి. రెండోదానికి భౌతికశాస్త్రం కావాలి: ఏ ఐసోటోపు, ఎంత దూరం, ఏ కిరణం, ఏ పరికరం అన్నవి తెలిస్తే తప్ప లెక్క ముందుకు కదలదు. మొదటి రకంలో తప్పులు సున్నాల దగ్గర జరుగుతాయి. రెండో రకంలో, అసలు లేని గుణకాన్ని ఉందనుకోవడం దగ్గర జరుగుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే కన్వర్టర్లు మొదటి పని బాగానే చేస్తాయి. రెండో పనిని కూడా మొదటిదానిలాగే చేసిపెడతామనేవాటిని నమ్మకూడదు.

37, 27

పదార్థంలో సెకనుకు ఎన్ని కేంద్రకాలు విఘటన చెందుతున్నాయో (కిరణాలు వదిలి మారిపోతున్నాయో) చెప్పేది బెకరెల్. సెకనుకు ఒక విఘటన జరిగితే ఒక బెకరెల్. క్యూరీ అంటే సెకనుకు 3.7×10¹⁰ విఘటనలు, అంటే 3,700 కోట్లు. ఈ వింత అంకె ఒక గ్రాము రేడియం నుంచి వచ్చింది. 1910లో బ్రస్సెల్స్‌లో జరిగిన సమావేశంలో, ఒక గ్రాము రేడియంతో సమతుల్యంలో ఉండే (పుట్టినంత వేగంగానే విఘటన చెందుతూ నిలకడగా ఉండే) రేడాన్ వాయువు పరిమాణానికి క్యూరీ అని పేరు పెట్టారు. తర్వాత దాన్ని సరిగ్గా 3.7×10¹⁰ అని ఖాయం చేశారు. రేడియం-226 అర్ధాయువుని (సగం కేంద్రకాలు విఘటన చెందడానికి పట్టే కాలాన్ని) ఇప్పటి విలువ, 1,600 సంవత్సరాలుగా తీసుకుంటే గ్రాముకి సుమారు 3.66×10¹⁰ బెకరెల్‌లు, అంటే 0.99 క్యూరీ వస్తుంది. కాబట్టి "ఒక గ్రాము రేడియం ఒక క్యూరీ" అన్నది గుర్తుపెట్టుకోడానికి మంచి మాటే గానీ, నిర్వచనం మాత్రం ఆ అంకే. బెకరెల్‌ను అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకున్నది 1975లో. అయినా పాత పరికరాల మీద, పాత సర్టిఫికెట్లలో, ఆసుపత్రి సిబ్బంది రోజువారీ మాటల్లో క్యూరీ ఇంకా బతికే ఉంది.

క్యూరీ నుంచి వెళ్లేటప్పుడు 37 ఒక్కటి గుర్తుంటే చాలు, ప్రిఫిక్స్ మాత్రం మారుతుంది. ఒక క్యూరీకి 37 గిగాబెకరెల్, మిల్లీక్యూరీకి 37 మెగాబెకరెల్, మైక్రోక్యూరీకి 37 కిలోబెకరెల్, నానోక్యూరీకి 37 బెకరెల్. పికోక్యూరీ దగ్గర మాత్రం 0.037 బెకరెల్ అని రాయడం అలవాటు. వెనక్కి వచ్చేటప్పుడు 27: ఒక టెరాబెకరెల్‌కి 27 క్యూరీలు, గిగాకి 27 మిల్లీక్యూరీలు, మెగాకి 27 మైక్రోక్యూరీలు, కిలోకి 27 నానోక్యూరీలు, ఒక్క బెకరెల్‌కి 27 పికోక్యూరీలు. 37ని 27తో గుణిస్తే 999 వస్తుంది. ఈ రెండూ ఎందుకు జతగా పనిచేస్తాయో అక్కడే తెలుస్తుంది. పక్కాగా కావాలంటే 27.027 వాడాలి.

గుణించాలా, భాగించాలా అన్న అనుమానం వస్తే ఒకటే పరీక్ష. బెకరెల్ చాలా చిన్నది, క్యూరీ చాలా పెద్దది. ప్రిఫిక్స్‌లన్నీ విప్పి రాసినప్పుడు బెకరెల్ అంకె క్యూరీ అంకె కంటే ఎప్పుడూ బ్రహ్మాండంగా పెద్దదిగా ఉండాలి. 20 మిల్లీక్యూరీలు 740 మెగాబెకరెల్‌లు అవుతాయి. 0.54 మెగాబెకరెల్ అని వచ్చిందంటే గుణించాల్సిన చోట భాగించినట్టు.

ప్రిఫిక్స్ దగ్గర జరిగే తప్పులు ఇంతకంటే ప్రమాదం. చిన్న ఎమ్ అంటే మిల్లీ, పెద్ద ఎమ్ అంటే మెగా. వీటి మధ్య తేడా వంద కోట్ల రెట్లు. "అంత తేడా ఉంటే ఎవరైనా పట్టుకుంటారులే" అనిపించవచ్చు. కానీ మిల్లీబెకరెల్ కూడా నిజంగా వాడుకలో ఉన్న యూనిట్టే: తాగునీటిలో, గాలి ఫిల్టర్లలో అతి తక్కువ మోతాదులు కొలిచే ప్రయోగశాలలు అందులోనే రిపోర్టు ఇస్తాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుగా గుర్తించదు. ఇంకొకటి గ్రీకు అక్షరం మ్యూ. పాత డాక్యుమెంట్లలో దీన్ని సింబల్ ఫాంట్‌లో టైపు చేసేవారు. ఆ ఫాంట్‌లో మ్యూ రావాలంటే నొక్కాల్సింది చిన్న ఎమ్. ఆ ఫైలుని వేరే ఫాంట్‌లోకి మార్చగానే మైక్రో కాస్తా మిల్లీ అయిపోతుంది, అంకె వెయ్యి రెట్లు పెరుగుతుంది, ఎక్కడా ఎర్రగీత పడదు. రిపోర్టు ఎవరి చేతికైనా వెళ్లేదైతే మైక్రో, మిల్లీ, మెగా అని అక్షరాల్లో రాయడమే మేలు.

నిమిషానికి విఘటనలు అన్న యూనిట్ కూడా ప్రయోగశాలల్లో బాగా కనిపిస్తుంది. బెకరెల్‌ను 60తో గుణిస్తే అదే. ఒక మైక్రోక్యూరీ అంటే నిమిషానికి 22 లక్షల 20 వేల విఘటనలు, ఒక పికోక్యూరీ అంటే 2.22. ద్రవ సింటిలేషన్ కౌంటర్లు (నమూనాను ద్రవంలో కలిపి, అందులో పుట్టే మెరుపులను లెక్కపెట్టే పరికరాలు) వాడేవాళ్లకి ఈ 2.22 కంఠతా వచ్చి ఉంటుంది.

కౌంటు వేరు, విఘటన వేరు

ఇక్కడితో గుణకారాలు అయిపోయాయి, భౌతికశాస్త్రం మొదలవుతుంది. పరికరం చూపించేది నిమిషానికి కౌంట్లు. విఘటన చెందిన ప్రతి కేంద్రకమూ పరికరానికి కనబడదు. కొన్ని కిరణాలు అవతలి వైపుకి వెళ్లిపోతాయి, కొన్ని నమూనాలోనే ఆగిపోతాయి, కొన్ని డిటెక్టర్ కిటికీ దాటలేవు, గామా అయితే డిటెక్టర్‌లోంచి ఏమీ చేయకుండా దూసుకుపోవచ్చు. వంద విఘటనలకి ఎన్ని కౌంట్లు వస్తాయో అదే దక్షత.

ఒక లెక్క చేద్దాం. నమూనాను 10 నిమిషాలు కొలిస్తే 1,480 కౌంట్లు వచ్చాయి. నమూనా తీసేసి బ్యాక్‌గ్రౌండ్‌ను (పరిసరాల నుంచి ఎలాగూ వచ్చే కౌంట్లను) మళ్లీ 10 నిమిషాలు కొలిస్తే 280 వచ్చాయి. నిమిషానికి 148 నుంచి 28 తీసేస్తే 120, అంటే సెకనుకు 2 కౌంట్లు. ఆ ఐసోటోపుకి, ఆ దూరంలో, ఆ పాత్రలో దక్షత 10 శాతం అనుకుంటే 2ని 0.10తో భాగించాలి: 20 బెకరెల్, లేదా 540 పికోక్యూరీలు. ఇక అనిశ్చితి: 1,480, 280 కలిపి వర్గమూలం తీస్తే సుమారు 42 కౌంట్లు. నికరంగా ఉన్న 1,200 కౌంట్లలో అది 3.5 శాతం. కాబట్టి జవాబు 20 ± 0.7 బెకరెల్. బ్యాక్‌గ్రౌండ్‌ని ఒక్క నిమిషమే కొలిచి తీసేయడం చాలామంది చేసే పొరపాటు. బలహీనమైన నమూనాల్లో అనిశ్చితి అంతా అక్కడినుంచే వస్తుంది.

దక్షత అంకెను ఎక్కడినుంచి తెచ్చారన్నది అసలు విషయం. సర్టిఫికెట్‌లో ఉన్నది మొత్తం విఘటనల లెక్కా, లేక పై ముఖం నుంచి సెకనుకు బయటికొచ్చే కణాల లెక్కా? పలుచటి పళ్లెంలాంటి మూలాల్లో సుమారు సగం కణాలే పైకి వస్తాయి. ఒకదానికి వేసిన దక్షతను ఇంకొకదానికి వాడితే జవాబు దాదాపు రెండింతలో, సగమో అవుతుంది. రెండు ప్రయోగశాలల ఫలితాల మధ్య సరిగ్గా రెండు రెట్ల తేడా కనిపిస్తే నేను మొదట వెతకమనేది ఇక్కడే.

ఒక విఘటనకి ఒక కిరణం అన్న లెక్క కూడా కుదరదు. సీజియం-137 విషయంలో 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ గామా వంద విఘటనలకి 85 సార్లే వస్తుంది. గామా స్పెక్ట్రమ్‌లో ఆ శిఖరం కింద కౌంట్లని దక్షతతో భాగించి ఆపేస్తే జవాబు 15 శాతం తక్కువ వస్తుంది. 0.851తో కూడా భాగించాలి. కోబాల్ట్-60 ఒక్కో విఘటనకి రెండు గామాలు వదులుతుంది, కాబట్టి ఫోటాన్లను లెక్కబెట్టి విఘటనలనుకుంటే రెండింతలు తప్పు. స్ట్రాన్షియం-90 ఇంకో రకం చిక్కు: లేబుల్ మీద ఒక కిలోబెకరెల్ అని ఉన్నా, దానితో సమతుల్యంలో ఉన్న ఇట్రియం-90 కూడా అంతే వేగంతో విఘటన చెందుతూ ఉంటుంది. సెకనుకు బయటికొచ్చే బీటాలు రెండు వేలు.

కౌంట్లు ఎక్కువైన చోట డెడ్ టైమ్ అడ్డొస్తుంది. గైగర్ ట్యూబు ఒక కౌంటు నమోదు చేశాక కొద్ది సేపు, సుమారు 100 మైక్రోసెకన్లు, గుడ్డిదైపోతుంది. కొలిచిన రేటును 1 నుంచి (రేటు × డెడ్ టైమ్) తీసేసిన అంకెతో భాగిస్తే నిజమైన రేటు వస్తుంది. సెకనుకు 2,000 కౌంట్లు చూపిస్తోందంటే 2,000 × 0.0001 = 0.2, కాబట్టి 2,000ని 0.8తో భాగించాలి: 2,500. ఈ దిద్దుబాటు 20, 30 శాతం దాటితే సూత్రాన్ని నమ్మకండి, దూరం పెంచి కొలవండి. మరీ తీవ్రమైన క్షేత్రంలో కొన్ని ట్యూబులు పూర్తిగా స్తంభించి సున్నా దగ్గర ఆగిపోతాయి. ప్రమాదకరమైన చోట పరికరం "ఏమీ లేదు" అని చెప్పే సందర్భం అది.

ఉపరితల కాలుష్యం లెక్కలో విస్తీర్ణం కూడా వచ్చి చేరుతుంది. చదరపు సెంటీమీటరుకి ఒక బెకరెల్ అంటే, 100 చదరపు సెంటీమీటర్లకి నిమిషానికి 6,000 విఘటనలు. 60 ఒకటి, 100 ఒకటి, ఈ రెండింటిలో ఏదో ఒకటి మర్చిపోవడం మామూలే. 15 చదరపు సెంటీమీటర్ల ప్రోబు (ఉపరితలం మీద ఆనించి కొలిచే డిటెక్టర్ ముఖం) నికరంగా నిమిషానికి 300 కౌంట్లు చూపిస్తే, దక్షత 20 శాతం అయితే, ప్రోబు కింద నిమిషానికి 1,500 విఘటనలు ఉన్నట్టు. 100 చదరపు సెంటీమీటర్లకి 10,000, అంటే చదరపు సెంటీమీటరుకి 1.67 బెకరెల్. కాలుష్యం ప్రోబు మేరా సమానంగా పరుచుకుని ఉంటేనే ఈ లెక్క. గోరంత మచ్చలో అంతా ఉంటే, 100 చదరపు సెంటీమీటర్లకి పెంచి రాయడం తప్పు. రవాణా నిబంధనల్లో కనిపించే 4 బెకరెల్ అనే హద్దు ఎక్కడిది అనుకుంటున్నారా? పాత హద్దు చదరపు సెంటీమీటరుకి మైక్రోక్యూరీలో పదివేలవ వంతు, అంటే 3.7 బెకరెల్. దాన్ని గుండ్రంగా 4 చేశారు.

కాలం, బరువు, నేల, గాలి

తేదీ లేని బెకరెల్ అంకెకి విలువ లేదు. సవరణ సూత్రం తేలికే: మొదటి అంకెను ½తో, (గడిచిన కాలం ÷ అర్ధాయువు) సార్లు గుణించాలి. టెక్నీషియం-99ఎమ్ ఉదయం 7 గంటలకి 740 మెగాబెకరెల్ ఉంటే, అర్ధాయువు 6.01 గంటలు కాబట్టి 10 గంటలకి 0.7075 వంతు, అంటే 524 మెగాబెకరెల్ లేదా 14.2 మిల్లీక్యూరీలు మిగులుతాయి. ఫ్లోరిన్-18కి అర్ధాయువు 109.8 నిమిషాలు, అక్కడ కాలిబ్రేషన్ సమయం పది నిమిషాలు తప్పుగా రాసినా 6 శాతం తేడా వస్తుంది. గంటలనీ నిమిషాలనీ కలిపేయడం, ఎదురు దిశలో సవరించడం, వేరే టైమ్ జోన్‌లో రాసిన గడియారాన్ని పట్టించుకోకపోవడం, ఇవే మామూలు తప్పులు. గతంలోకి వెళ్తే అంకె పెరగాలి, భవిష్యత్తులోకి వెళ్తే తగ్గాలి.

గ్రాముల నుంచి బెకరెల్‌కి వెళ్లాలంటే 4.174×10²³ని, అర్ధాయువు (సెకన్లలో) × పరమాణు భారంతో భాగించాలి. ఆ అంకె అవొగాడ్రో సంఖ్యను 0.693తో గుణించగా వచ్చినది. సీజియం-137కి గ్రాముకి సుమారు 3.2 టెరాబెకరెల్ వస్తుంది. యురేనియం-238కి 12.4 కిలోబెకరెల్. ఒకే గ్రాము, తేడా సుమారు 26 కోట్ల రెట్లు. "ఎన్ని గ్రాములు లీకైంది" అని అడిగేవాళ్లకి ఈ పోలిక ఒక్కటి చూపిస్తే చాలు. మట్టి, రాళ్ల విశ్లేషణలో దీన్నే పట్టికగా వాడతారు: మిలియన్‌కి ఒక భాగం యురేనియం అంటే కిలోకి 12.35 బెకరెల్ యురేనియం-238, ఒక భాగం థోరియం అంటే 4.06 బెకరెల్ థోరియం-232, ఒక శాతం పొటాషియం అంటే 313 బెకరెల్ పొటాషియం-40.

నీటిలో యురేనియంకి మాత్రం ఈ దారి సగమే పనిచేస్తుంది. మైక్రోగ్రాముల నుంచి యురేనియం-238 బెకరెల్‌ను నిక్షేపంగా లెక్కగట్టొచ్చు. మొత్తం యురేనియం బెకరెల్ కావాలంటే యురేనియం-234 కూడా తెలియాలి. రాతిలో ఆ రెండూ దాదాపు సమానం, నీటిలోకి కరిగినప్పుడు 234 ఎక్కువగా రావడం మామూలే. సమానమని ఊహించుకుని మిల్లీగ్రాముకి 25.3 బెకరెల్ వేస్తే నిజమైన అంకె దానికంటే చాలా ఎక్కువ ఉండవచ్చు.

లెక్కలన్నీ సరిగ్గా చేస్తున్నామా అని చూసుకోడానికి పొటాషియం క్లోరైడ్ చాలా మంచి వస్తువు. గ్రాముకి సుమారు 16.5 బెకరెల్, అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలు కాబట్టి తేదీ సవరణ అక్కర్లేదు. ఇందులో 89 శాతం బీటా, 1,461 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ గామా 10.7 శాతం. ఒక కిలో తీసుకుంటే సెకనుకి సుమారు 1,760 గామాలు.

గాలిలో రేడాన్‌కి మళ్లీ 37: లీటరుకి ఒక పికోక్యూరీ అంటే ఘనపు మీటరుకి 37 బెకరెల్. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్లకి హద్దుగా చెప్పే 4 పికోక్యూరీలు 148 బెకరెల్ అవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 100 బెకరెల్ 2.7 పికోక్యూరీలు అవుతుంది. గనుల రికార్డుల్లో కనిపించే వర్కింగ్ లెవెల్ మాత్రం రేడాన్ వాయువుని కాదు, దాని సంతతి అణువులని కొలుస్తుంది. పూర్తి సమతుల్యంలో ఒక వర్కింగ్ లెవెల్ 3,700 బెకరెల్ రేడాన్‌కి సమానం. ఇళ్లలో మామూలుగా తీసుకునే సమతుల్య గుణకం (సంతతి ఎంత మేరకు సమతుల్యానికి చేరిందో చెప్పేది) 0.4 అయితే అదే వర్కింగ్ లెవెల్‌కి 9,250 బెకరెల్ రేడాన్ ఉండాలి. గుణకం రాయకుండా ఈ మార్పు చేస్తే రెండున్నర రెట్లు తేడా.

నేల మీద సీజియం మ్యాపుల్లో 37, 185, 555, 1,480 అనే వింత గీతలు కనిపిస్తాయి. అవి చదరపు కిలోమీటరుకి 1, 5, 15, 40 క్యూరీలు. చెర్నోబిల్ తర్వాత సోవియట్ నిబంధనల్లో గీసిన ఆ గీతలే చదరపు మీటరుకి కిలోబెకరెల్‌లలోకి మారాయి.

మోతాదు వైపు

ఇక్కడ నాలుగు యూనిట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. శరీరంలోనో వస్తువులోనో కిలోకి ఎన్ని జౌళ్ల శక్తి చేరిందో చెప్పేది గ్రే. 100 రాడ్‌లు ఒక గ్రే. ఆ శక్తికి జీవ ప్రభావపు తూకం వేస్తే సీవర్ట్. 100 రెమ్‌లు ఒక సీవర్ట్. రోజువారీ పనిలో వచ్చేది ఇది: ఒక మిల్లీరెమ్ అంటే 10 మైక్రోసీవర్ట్‌లు. 100తో భాగించి, వెయ్యితో గుణించాలి కాబట్టి పది మిగులుతుంది. ఈ పదిని తిరగేసి రాయడం చాలా ఎక్కువగా కనిపించే తప్పు, అప్పుడు తేడా వంద రెట్లు.

రాంట్‌జెన్ వీటి కంటే పాతది, అది గాలిలో పుట్టిన విద్యుదావేశాన్ని మాత్రమే కొలుస్తుంది: కిలో గాలికి 2.58×10⁻⁴ కూలుంబ్‌లు. ఒక రాంట్‌జెన్‌కి గాలిలో 8.76 మిల్లీగ్రేలు చేరతాయి. "గంటకి ఒక మిల్లీరాంట్‌జెన్ అంటే 10 మైక్రోసీవర్ట్‌లు" అనే మోటు లెక్క సీజియం గామాలకి బాగా పనిచేస్తుంది. అక్కడ గాలి గ్రే నుంచి ఇప్పటి పరికరాలు చూపించే పరిసర మోతాదుకి గుణకం సుమారు 1.2, కాబట్టి 10.5 వస్తుంది. అదే 60, 80 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ ఎక్స్‌రేలకి గుణకం 1.7 దాకా ఉంటుంది, జవాబు 15 మైక్రోసీవర్ట్‌లు. గామాకి క్షేమమైన గుండ్రటి అంకె, ఎక్స్‌రే గదిలో తక్కువ చేసి చూపిస్తుంది. ఆల్ఫా, న్యూట్రాన్లకి రాంట్‌జెన్ వర్తించనే వర్తించదు.

పాత సోవియట్ మీటర్లు సెకనుకి మైక్రోరాంట్‌జెన్‌లలో ఉండేవి. 3.6తో గుణిస్తే గంటకి మిల్లీరాంట్‌జెన్. చెర్నోబిల్ ప్రమాదపు రాత్రి చెప్పిన గంటకి 3.6 రాంట్‌జెన్ అన్న అంకె ఇదే: సెకనుకి 1,000 మైక్రోరాంట్‌జెన్ దగ్గర ముల్లు ఆగిపోయే మీటరు అది. అది కొలత కాదు, స్కేలు చివర. మార్చే ముందు ఆ అంకె పరికరం పరిమితా, నిజమైన కొలతా అని అడగడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

గ్రే నుంచి సీవర్ట్‌కి గుణకం గామా, ఎక్స్‌రే, బీటాలకి 1, ఆల్ఫాకి 20, న్యూట్రాన్లకి శక్తిని బట్టి 2.5 నుంచి సుమారు 20 దాకా. ఇంకో మెలిక కూడా ఉంది: ఒక అవయవానికి చెప్పే సీవర్ట్, మొత్తం శరీరానికి చెప్పే సీవర్ట్ ఒకే పేరుతో ఉంటాయి. థైరాయిడ్‌కి 100 మిల్లీసీవర్ట్‌లు చేరితే, దాని తూకం 0.04 కాబట్టి, మొత్తం శరీరానికి అది 4 మిల్లీసీవర్ట్‌లే. రిపోర్టులో ఏదో చెప్పకపోతే 25 రెట్లు పొరబడతాం. వెంటనే హాని చేసే పెద్ద మోతాదుల గురించి, క్యాన్సర్ చికిత్స గురించి మాట్లాడేటప్పుడు సీవర్ట్‌ని పక్కన పెట్టి గ్రేలోనే చెప్పాలి. ఆ తూకాలు అందుకోసం కట్టినవి కావు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. బాహ్య గామా అయితే ఒక్కో ఐసోటోపుకి ఒక స్థిరాంకం ఉంటుంది. సీజియం-137కి ఒక మీటరు దూరంలో క్యూరీకి గంటకి సుమారు 0.33 రాంట్‌జెన్, కోబాల్ట్-60కి సుమారు 1.3. కాబట్టి 10 మిల్లీక్యూరీల (370 మెగాబెకరెల్) సీజియం మీటరు దూరంలో గంటకి 3.3 మిల్లీరాంట్‌జెన్, అంటే ఇంచుమించు 33 మైక్రోసీవర్ట్‌లు ఇస్తుంది. అంతే కోబాల్ట్ 130 ఇస్తుంది. దూరం సగమైతే నాలుగింతలు, రెట్టింపైతే నాలుగో వంతు: అరమీటరులో 132, రెండు మీటర్లలో సుమారు 8. పది సెంటీమీటర్లలో వంద రెట్లు, 3.3 మిల్లీసీవర్ట్‌లు. మూలం పరిమాణానికి కనీసం మూడు నాలుగు రెట్లు దూరంలో లేకపోతే ఈ వర్గ నియమం పనిచేయదు, వేలికి తాకితే ఎంత అన్నది ఇలా లెక్కగట్టకూడదు. కొన్ని పట్టికల్లో అదే స్థిరాంకం సెంటీమీటర్లు, మిల్లీక్యూరీలలో 3.3, 13 అని ఉంటుంది. పది రెట్ల తేడా యూనిట్లది, ఐసోటోపుది కాదు. స్ట్రాన్షియం-90 లాంటి బీటా మూలాలకి ఈ సూత్రంలో సున్నా వస్తుంది, చర్మానికి చేరే మోతాదు మాత్రం సున్నా కాదు.

లోపలికి మింగిన దానికి దారి వేరు. ఒక్కో ఐసోటోపుకి బెకరెల్‌కి ఎన్ని సీవర్ట్‌లో చెప్పే గుణకాలున్నాయి. పెద్దవాళ్లు మింగినప్పుడు సీజియం-137కి 1.3×10⁻⁸, అయోడిన్-131కి 2.2×10⁻⁸, పొలోనియం-210కి 1.2×10⁻⁶, నీటి రూపంలో ఉన్న ట్రిటియంకి 1.8×10⁻¹¹. కిలోకి 100 బెకరెల్ సీజియం ఉన్న ఆహారం ఏడాదికి 50 కిలోలు తింటే 5,000 బెకరెల్, అంటే 65 మైక్రోసీవర్ట్‌లు. అన్నే బెకరెల్‌ల పొలోనియం అయితే 6 మిల్లీసీవర్ట్‌లు, ట్రిటియం అయితే 0.09 మైక్రోసీవర్ట్. ఐసోటోపు పేరు లేకుండా "ఇన్ని బెకరెల్‌లు" అని వచ్చే వార్త ఎందుకు అసంపూర్ణమో ఈ మూడు అంకెలు చెబుతాయి. పిల్లలకి గుణకాలు వేరు, పీల్చినప్పుడు వేరు.

చేతిలో పట్టుకునే గైగర్ మీటర్లు నిమిషానికి కౌంట్లను తామే మైక్రోసీవర్ట్‌లలోకి మార్చి చూపిస్తాయి. లోపల ఉండేది ఒకే ఒక్క గుణకం, ఆ ట్యూబుకి, ఒక్క ఐసోటోపు గామాకి కట్టినది. ఎల్‌ఎన్‌డి 7317 అనే పెద్ద పాన్‌కేక్ ట్యూబుకి గంటకి ఒక మైక్రోసీవర్ట్ అంటే నిమిషానికి 334 కౌంట్లు. చిన్న గాజు ట్యూబుల మీటర్లలో 154 దగ్గర గుణకం పెడతారు. నిమిషానికి 100 కౌంట్లని మొదటిది 0.30 అంటుంది, రెండోది 0.65 అంటుంది. ట్యూబు మార్చి గుణకం మార్చకపోతే జవాబు రెండింతలు తప్పుతుంది. బీటా, ఆల్ఫా వదిలే వస్తువు మీద కిటికీ ఆనించి కొలిచినప్పుడు స్క్రీన్ మీద కనబడే మైక్రోసీవర్ట్ అంకెకి అర్థమే లేదు. అక్కడ కౌంట్లు మాత్రమే రాయాలి.

గంటకి ఇంత అన్నది వేగం, మొత్తం ఇంత అన్నది దూరం లాంటిది. గంటకి 0.1 మైక్రోసీవర్ట్‌ను 8,760తో గుణిస్తే ఏడాదికి 0.88 మిల్లీసీవర్ట్‌లు. మూలం దగ్గర ఏడాదికి 200 గంటలే ఉండేవాళ్లకి 8,760 వేయకూడదు. రేడాన్ వాటా ఈ మీటరుకి కనబడదు కాబట్టి, సహజ రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్‌లతో దీన్ని నేరుగా పోల్చకూడదు కూడా.

చివరిగా గుండ్రం చేయడం. 10 మైక్రోక్యూరీలు 370 కిలోబెకరెల్. ఎవరో దాన్ని 0.4 మెగాబెకరెల్ అని రాస్తారు. ఇంకొకరు దాన్ని మళ్లీ క్యూరీలోకి తెచ్చి 10.8 మైక్రోక్యూరీలు అంటారు. మూలం మారలేదు, కాగితం మీద మాత్రం 8 శాతం పెరిగింది, పైగా లేని మూడో అంకె వచ్చి చేరింది. అందుకే కొలిచిన యూనిట్‌లో ఉన్న అంకెను దాని తేదీ, ఐసోటోపుతో సహా ఎప్పుడూ చెరపకుండా ఉంచి, మార్చిన అంకెను దాని పక్కన రాయాలి. తర్వాతి మార్పు ఏదైనా ఆ మొదటి అంకె నుంచే చేయాలి.